తలుపుకి కుడిపక్క, పై వరుస

రేగడిపాలెంలో జోసఫ్ డాక్టరుగారి రాతి ఇంటికి పొద్దున ఎనిమిదింటికల్లా జనం చేరతారు. చేరినవాళ్ళు ముందుగా చీటీ తీసుకోరు. వసారాలో గోడ వెంబడి నడిచి, ఎవరి రాయి దగ్గర వాళ్ళు ఆగి, దానికి వీపో మోకాలో అరచెయ్యో ఆనిస్తారు. కాసేపటికి రాయి వెచ్చబడుతుంది. అప్పుడు ‘హమ్మయ్య’ అనుకొని చీటీ కోసం చెయ్యి చాపుతారు. కొందరైతే చీటీ జోలికే పోరు. అరగంటసేపు నడుముకి కాపడం పెట్టుకొని, ఇప్పుడక్కడ వైద్యం చేసే డాక్టరమ్మ కంటబడకుండా మిరపచేలోకి జారుకుంటారు.

ఎవరి రాయి వాళ్ళకే వెచ్చబడుతుంది. వాళ్ళ పిల్లలకీ, పిల్లల పిల్లలకీ వెచ్చబడుతుంది. పక్కింటివాళ్ళ రాయి మీద పొద్దస్తమానం చెయ్యి పెట్టుకు కూర్చున్నా అది చల్లగానే ఉంటుంది. కొత్తగా కాపరానికొచ్చిన కోడలికి అత్తగారు వంటిల్లు చూపించి, బీరువా తాళం చూపించి, ఆ తర్వాత ఇక్కడికి తీసుకొచ్చి రాయి చూపిస్తుంది. కోడలి చేతికి అది ఊరికే వెచ్చబడదు. కడుపులో బిడ్డ పడ్డాకే వెచ్చబడుతుంది. అందుకే ఆ ఊరి మందుల షాపులో గర్భం పరీక్ష పట్టీలు అమ్ముడుపోక దుమ్ముపట్టి ఉంటాయి.

బుల్లయ్య ఈ తంతంతా ఎదురుగా కూర్చుని వారం రోజులు చూశాడు. ఏ గోడనైనా విప్పే ముందు వారం రోజులు దాన్ని చూస్తూ కూర్చోవడం అతని పద్ధతి. అరవై నాలుగేళ్ళ మనిషి, కనిగిరి వైపు నుంచి వచ్చిన రాతిపని మేస్త్రీ. పుట్టింది డేరాలో, పెరిగింది డేరాలో. రోడ్డు పని ఎక్కడుంటే అక్కడ, చెరువుకట్ట ఎక్కడుంటే అక్కడ. నలభై అయిదేళ్ళు సుత్తీ ఉలీ పట్టిన చేతులు కాయలు కాసి చెప్పు అట్టలంత మందమయ్యాయి. పొయ్యిలోంచి నిప్పుకణిక తీసి చుట్ట ముట్టించుకుంటాడు, పొగలు కక్కే టీ గ్లాసు మొదలంటా పట్టుకుంటాడు, చెయ్యి మాత్రం కాలదు.

“ఒకసారి చెయ్యి పెట్టి చూడు బుల్లయ్యా, నా రాయి ఎంత వెచ్చగా ఉందో!” అని సుబ్బరావమ్మ పిలిచింది. పదిహేనెకరాల మిరపతోట, డెబ్బై రెండేళ్ళ వయసు, ఊరంతటికీ సరిపడా గొంతు ఉన్న మనిషి ఆవిడ.

“మీ రాయి మీకే కదమ్మా వెచ్చన. అయినా నా చేతులకి నిప్పే తెలవదు, వెచ్చన ఎక్కడ తెలుస్తది?” అన్నాడు బుల్లయ్య నవ్వుతూ. నవ్వుతూ అన్నాడేగానీ, ఆ ఊళ్ళో ప్రతివాడికీ ఒక రాయి ఉండటం చూస్తే అతనికి కాస్త అసూయగానే ఉండేది. ఇన్ని వేల రాళ్ళు చేతుల మీదుగా పోయాయి, ఒక్కటీ తనది కాదు.

ఆ రాళ్ళకి ఒక కథ ఉంది. తొంభై ఏళ్ళ కిందట జోసఫ్ డాక్టరు ఒక ట్రంకుపెట్టెతో ఈ ఊరొచ్చాడు. కూలీల ఇంట పుట్టి, మిషన్ బడిలో చదివి డాక్టరైన మనిషి. అక్కడిది నల్లరేగడి, పత్తినేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు విచ్చుతుంది. మట్టిగోడ ఏదైనా మూడో వేసవికి బీటలు వారుతుంది. డాక్టరు ఇల్లు రెండుసార్లు కూలింది. గట్టి గోడ కడదామంటే పదడుగులు తవ్వినా ఆ నేలలో గుప్పెడంత రాయి దొరకదు. మొదట్లో పెద్దవీధుల వాళ్ళు ఆయన్ని గుమ్మం బయటే నిలబెట్టి నాడి చూపించుకునేవాళ్ళు. చలిజ్వరాలు ఊరిని పట్టుకున్న ఏడాది వాళ్ళే ఆయన గుమ్మంలో బారులు తీరారు. నయమై పోయేటప్పుడు కోడినో, కూరగాయలనో ఇవ్వబోతే ఆయన వద్దనేవాడు. “బతికారుగా. ఒక రాయి తెచ్చిపెట్టండి, చాలు” అనేవాడు.

గుంటూరుకి పత్తి తోలుకెళ్ళిన బండ్లు తిరుగుప్రయాణంలో రాళ్ళు తెచ్చాయి. కొండవీటి నుంచి, కనిగిరి కొండ నుంచి, తాడేపల్లి దగ్గర కృష్ణ ఒడ్డు నుంచి, నల్లపాడు స్టేషను పక్కనుంచి కూడా వచ్చాయి. అన్నీ కలిపి పదకొండు వందల నలభై మూడు. గోడలో ఎన్ని రాళ్ళున్నాయో అంతమంది బతికారన్నమాట. ఏటా క్రిస్మస్ ముందు ఎవరి రాయికి వాళ్ళొచ్చి సున్నం వేసుకోవడం అప్పటినుంచీ ఆనవాయితీ.

ఇప్పుడు ఆ ఇంట్లో వైద్యం చేస్తున్నది జోసఫ్ గారి మనవరాలు డాక్టర్ మహిమ. ఊరి మధ్యనుంచి వెళ్ళే రోడ్డు వెడల్పు చేస్తున్నారు, వసారా మొత్తం రోడ్డులో కలిసిపోతుంది. వారసత్వ కట్టడాల కమిటీ ఒక దారి చూపించింది. ఇల్లు విప్పి, నలభై అడుగులు వెనక్కి జరిపి, ఏ రాయి ఎక్కడుండేదో అక్కడే పెట్టి కడితే పట్టికలో ఎక్కిస్తారు. ఇక దాన్నెవరూ ముట్టుకోరు. గడువు డిసెంబరు పది. ఒక్క రాయి తేడా వచ్చినా ఇల్లు పట్టికలోకి రాదు, ఆ స్థలంలో దుకాణాల సముదాయం లేస్తుంది.

కమిటీ తరఫున వచ్చిన ఇంజనీరు ధనశ్రీ వసారాలో కూర్చుని ఒక పొడవాటి ఫారం నింపుకుంది. ముప్ఫై దాటని పిల్ల, తలెత్తకుండా రాసుకుపోతుంది.

“శిల్పాలు?”

“లేవండి” అంది మహిమ.

“రంగుటద్దాల కిటికీలు?”

“లేవు.”

“చరిత్రలో పేరున్నవాళ్ళు ఎవరైనా బస చేశారా?”

“ఈ ఊరంతా బస చేసిందండి. జ్వరాలతో.”

ధనశ్రీ నవ్వాపుకొని తర్వాతి గడి చదివింది. “కట్టిన మేస్త్రీ వంశస్థులు. ఉంటే ఇల్లు చూసుకునే పని వాళ్ళకే ఇవ్వాలి, ఇంట్లోనే ఒక గది కూడా ఇవ్వాలి, రూలు. ఇప్పటిదాకా ఏ ఊళ్ళోనూ ఒక్కళ్ళూ దొరకలేదు” అంటూ అక్కడ అడ్డగీత గీసేసింది.

“కట్టించినవాళ్ళ పేరు రాయి మీద చెక్కుతారు తల్లీ. కట్టినవాళ్ళం డేరా ఎత్తుకొని పోతాం. ఎక్కడ దొరుకుతాం?” అన్నాడు బుల్లయ్య.

“మీ అడ్రస్ చెప్పండి బుల్లయ్యగారూ, ఒప్పందంలో రాయాలి.”

“రాసుకో. వేపచెట్టు, రాతి ఇంటి వెనక. మొన్నటిదాకా ఒంగోలు బైపాసులో తుమ్మచెట్టు.”

అందరూ నవ్వారు. బుల్లయ్య భార్య నాంచారమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ అప్పటికే ఆ వేపచెట్టు కింద పొయ్యిరాళ్ళు సర్దుకుంటోంది.

ఏప్రిల్ చివర, కల్లాల్లో మిరపకాయలు ఎత్తేశాక, ఒక గురువారం పని మొదలైంది. సుబ్బరావమ్మ కొబ్బరికాయ కొట్టింది. మహిమ ప్రార్థన చేసింది. కిటికీ పక్క రాయి గల నసీమున్నీసా బీబీ రెండు చేతులూ పైకెత్తి దువా చేసింది. బుల్లయ్య పరంజా ఎక్కి, తలుపుకి కుడిపక్కన పై వరుసలో ఉన్న రాయిని తన చేత్తోనే పెకలించి కిందికి దింపాడు. దాని వెనకవైపు, పూత లేని చోట, సున్నంతో ఒకటి అంకె వేసి, పుస్తకంలో ‘1. తలుపుకి కుడిపక్క, పై వరుస’ అని రాసుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

అంకెలకి రంగు వాడొద్దని ధనశ్రీ ముందే చెప్పింది. రాయికి మచ్చపడితే విలువ పోతుందట. అందుకని బుల్లయ్య తన తండ్రి పద్ధతిలో సున్నంలో బెల్లంనీళ్ళు కలిపి రాశాడు. అలా రాసింది వానకి పోదు.

అతని మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. గొంతుక్కూర్చుంటే లేవలేకపోతున్నాడు. అది చూసి నాంచారమ్మ మొదటిరోజు సాయంత్రమే ఒక బండ దొర్లించుకొచ్చి వేపచెట్టు కింద వేసి, దాని మీద గోనెసంచి మడతేసి పరిచింది. టీ తాగినా, అన్నం తిన్నా, పుస్తకం రాసినా ఆ సీటు మీదే. మహిమ రేకులషెడ్డులో వైద్యం సాగిస్తూ అతనికి ఏవో మాత్రలిచ్చింది. నెల తిరిగేసరికి నొప్పి సగం తగ్గింది.

“మీ చేతిలో ఏదో ఉంది డాక్టరమ్మా” అన్నాడు.

“నేనిచ్చింది ఉత్త కాల్షియం బిళ్ళలు బాబాయ్” అంటూ మహిమ అతని మోకాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసింది. అంతగా తగ్గడం ఆవిడకి అర్థం కాలేదు.

గోడ దిగుతున్నకొద్దీ బుల్లయ్యకి దాన్ని కట్టినవాడి మీద గౌరవం పెరిగింది. రాయికీ రాయికీ మధ్య బియ్యపుగింజ దూరదు. ఉలిదెబ్బలన్నీ కుడినుంచి ఎడమకి వాలి ఉన్నాయి.

“ఎడమచేతివాటం వాడు” అన్నాడు భార్యతో.

“నీలాగే. ఈ పనివాళ్ళందరికీ ఏదో ఒక వంకర ఉంటది” అంది నాంచారమ్మ.

జూన్ నాటికి పుస్తకంలో పదకొండు వందల నలభై మూడు అంకెలు పడ్డాయి, రాళ్ళు పెరట్లో వరుసగా నిలిచాయి. అప్పుడు బుల్లయ్య చెల్లెలి మనవడి పెళ్ళొచ్చింది. మొగుడూ పెళ్ళాలు రెండు రోజులు కనిగిరి వెళ్ళారు. సోమవారం పొద్దున బస్సు దిగి చూసేసరికి బుల్లయ్య కాళ్ళు అక్కడికక్కడే ఆగిపోయాయి.

రాళ్ళు తళతళా మెరుస్తున్నాయి. కొన్నిటికి పసుపూ కుంకుమా. కొన్నిటి మీద మల్లెపూలు. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు, పండగ సామానులా ముచ్చటగా పేర్చి ఉన్నాయి. సుబ్బరావమ్మ చీర ఎగ్గట్టుకొని ఎదురొచ్చింది.

“వచ్చావా! కమిటీవాళ్ళు ఇవాళ వస్తారని ఎవరో అన్నారు. మురికిరాళ్ళు చూపిస్తే ఊరి పరువేం కావాలి? ఆడవాళ్ళం అరవైమందిమి రెండు రోజులు నడుములు విరగ్గొట్టుకున్నాం. కుంకుడురసం, చింతపండు, కొబ్బరిపీచు. ఎట్టా ఉన్నాయి?”

“అంకెలేవమ్మా?” అన్నాడు బుల్లయ్య.

“ఏ అంకెలు?”

“సున్నంతో రాశాను. ఒక్కోదాని మీద.”

“ఆ గీతలా! అసహ్యంగా ఉంటే గట్టిగా రుద్దించాను. ఓ పట్టాన పోలేదనుకో. మా పక్కింటి ప్రేమమ్మయితే పాపం గోళ్ళతో గీకింది.”

బుల్లయ్య దుమ్ములో అలాగే కూలబడ్డాడు. ఏ రాయి ఎక్కడిదో పుస్తకంలో ఉంది. ఏ రాయి ఏ అంకెదో ఇక దేవుడికే తెలియాలి. మహిమ ధనశ్రీకి ఫోను చేసింది. ఫోటోలున్నాయి గానీ, ఎనభైకి పైగా క్రిస్మస్‌ల సున్నం పేరుకున్న గోడ అన్నిట్లోనూ ఒక్క తెల్లదుప్పటిలా ఉందని ధనశ్రీ చెప్పింది.

“మీ ఇల్లు పోగొట్టాను డాక్టరమ్మా. ఇన్నేళ్ళు తెచ్చుకున్న పేరు కూడా పోయింది” అన్నాడు బుల్లయ్య. అరవై నాలుగేళ్ళ మనిషికి అంతమంది ఆడవాళ్ళ ముందు ఏడుపొచ్చేసింది.

జరిగిందేమిటో అప్పటికిగానీ సుబ్బరావమ్మకి తలకెక్కలేదు. ఎక్కాక ముఖం మాడిపోయింది. తప్పు తనదని తెలిస్తే ఆవిడకి ముందు కోపమొస్తుంది. విసవిసా రాళ్ళ దగ్గరికి వెళ్ళి, పది రాళ్ళు తడిమి, పదకొండోదాన్ని ఒళ్ళోకెత్తుకుంది. కొత్త పునాది కోసం ముగ్గు పోసిన చోటికి నడిచి, అటూ ఇటూ చూసుకొని, ఉత్త గాలికి నడుం ఆనించి నిలబడింది.

“నా రాయి ఇదిగో, ఇక్కడుండేది. ఇంత ఎత్తులో. ముప్ఫై ఎనిమిదేళ్ళు నడుం ఆనించాను. నాకు తెలీదా ఎక్కడుండేదో?”

బుల్లయ్య కళ్ళు తుడుచుకొని లేచాడు. టేపు పెట్టి కొలిచాడు. రెండడుగుల పదంగుళాలు. పుస్తకం తిరగేశాడు. ఆరు వందల పన్నెండు, కింద నుంచి నాలుగో వరుస, కిటికీకి ఎడమవైపు మూడోది. ఎత్తు, రెండడుగుల పదంగుళాలు. ఏడుస్తున్నవాడు కాస్తా పకపకా నవ్వాడు.

ఆ తర్వాత అయిదు నెలలు రేగడిపాలెంలో పండగే. రేగడి తవ్వి ఇసక నింపి పునాది లేపాక, ఏ సాయంత్రానికా సాయంత్రం మహిమ ఊరి వాట్సాప్ గ్రూపులో ‘రేపు రెండో వరుస’ అని పెట్టేది. పొద్దున్నే రెండో వరుసవాళ్ళంతా స్నానాలు చేసి వచ్చేవాళ్ళు. పిల్లలప్పుడు గోడకి ఆనించి ఎత్తు కొలిపించుకున్నవాళ్ళు, ఇంజెక్షన్ భయానికి ఏ రాయిని వాటేసుకున్నదీ మర్చిపోనివాళ్ళు, ఏటా నిచ్చెనేసుకొని సున్నం కొట్టినవాళ్ళు, అందరూ తమ తమ చోట్లు చూపించారు. తాడేపల్లి నుంచి బస్సుల్లో వచ్చారు. చీరాల నుంచి ఒక మగ్గంవాళ్ళ కుటుంబం ముగ్గురూ ఒకే స్కూటరు మీద వచ్చింది. ఊరొదిలిపోయినవాళ్ళ రాళ్ళు కూడా చివరికి ఎవరో ఒకరి చేతిలో వెచ్చబడేవి. “ఓహో, మీ అమ్మమ్మ వైపు కాబోలు” అనుకునేవాళ్ళు. కొన్ని కొందరి చేతుల్లో ఎందుకు వెచ్చబడ్డాయో ఎవరికీ అర్థం కాలేదు. పెద్దవాళ్ళు మాత్రం చప్పున మాట మార్చేశారు.

పొలం గట్టు కోసం తగువుపడి పదకొండేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములిద్దరు ఒకే రాయికి చెరోవైపు చెయ్యేశారు.

“నీ వైపు ఎత్తు” అన్నాడు అన్న.

“ఎత్తుతున్నాగా” అన్నాడు తమ్ముడు.

మధ్యాహ్నం ఇద్దరూ ఒకే ఆకులో పులిహోర తిన్నారు. గోడలో పక్కపక్క రాళ్ళవాళ్ళు ఒకరినొకరు వరసలు పెట్టి పిలుచుకోవడం మొదలుపెట్టారు. బుల్లయ్య ఎడమచేత్తో సుత్తి పట్టుకొని మధ్యలో పెళ్ళిపెద్దలా తిరిగాడు. తన బతుకులో ఇంత సంతోషంగా ఏ గోడా కట్టలేదు. మోకాళ్ళు కూడా కుర్రవాడి మోకాళ్ళలా పనిచేస్తున్నాయి.

నవంబరు ఆఖర్న, చేలల్లో పత్తితీతలు జోరుగా సాగుతుండగా, పై వరుస పూర్తయింది. పూర్తయిందనుకొని బుల్లయ్య రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. తలుపుకి కుడిపక్కన, పైన, ఒక రాయంత ఖాళీ ఉంది. పెరట్లో ఒక్క రాయీ మిగల్లేదు.

పుస్తకంలో ఆ చోటు ఎదురుగా ఒకటో అంకె ఉంది. ఆ రాయి మాదని ఒక్కరూ ముందుకు రాలేదు. చూరు కింద అంత ఎత్తున, ఏ నిచ్చెనా అందని చోట ఉండేది. దాన్ని తాకినవాళ్ళు లేరు, ఎవరిదని అడిగినవాళ్ళూ లేరు. నిచ్చెన చివరన నిలబడి కర్రకి గుడ్డ కట్టి దానికో పూత పూసేవాళ్ళు, అంతే.

వారం రోజులు ఊరంతా గాలించారు. కాలవలో వెతికారు, గడ్డివాముల కింద వెతికారు. ప్రేమమ్మ వాళ్ళింటి పచ్చడిబండ కూడా తెచ్చి ఆ ఖాళీలో పెట్టి చూశారు. వెతికి వెతికి అలిసిపోయి బుల్లయ్య వేపచెట్టు కింద కూర్చుంటే, చుట్టూ చేరి అక్కడ చూశావా ఇక్కడ చూశావా అని అందరూ అతన్నే అడిగారు.

గడువుకి రెండు రోజులుందనగా, కనిగిరిలో రాళ్ళు కొట్టే బుల్లయ్య బావమరిది ఫోను చేశాడు. “అంతే కొలతతో రాయి కొట్టి సాయంత్రానికి లారీలో పంపిస్తా బావా. పైవరుసలో ఎవడు చూస్తాడు?”

బుల్లయ్య తలెత్తి పైవరుసలోని ఖాళీ వైపు చూశాడు. నిజమే, ఎవరూ చూడరు. సున్నం వేస్తే ధనశ్రీకి కూడా తెలియదు. ఇల్లు నిలబడుతుంది, తన పేరూ నిలబడుతుంది. అయినా అతనికి మనసొప్పలేదు. గోడలో ఎన్ని రాళ్ళున్నాయో అంతమంది బతికారని కదా లెక్క. బతకని మనిషి రాయి తెచ్చి అందులో ఎలా పెడతాడు?

“వద్దురా” అన్నాడు.

డిసెంబరు పదిన తుఫాను ముసురు. సన్నగా, చల్లగా జల్లు పడుతూనే ఉంది. ఊరంతా గొడుగులతో, నెత్తిన గోనెలతో వచ్చి నిలబడింది. ధనశ్రీ గోడ చుట్టూ తిరిగింది. పుస్తకం పట్టుకొని వరుస వరుసా సరిచూసింది. తలుపు దగ్గరికొచ్చి పైకి చూసింది.

“అది ఒక్కటీ…” అంది.

“ఒకటి తక్కువమ్మా” అన్నాడు బుల్లయ్య. “నా చేత్తో దింపిన మొదటి రాయి. ఏమైందో తెలవదు. కొత్తరాయి పెట్టి మిమ్మల్ని మోసం చెయ్యలేకపోయాను. తప్పు నాది, డాక్టరమ్మది కాదు.”

ధనశ్రీ కలం మూసేసింది. ఆమెకీ కళ్ళు చెమర్చాయి. “వంద శాతం ఉండాలని రాసుంది బుల్లయ్యగారూ. నేనేం చెయ్యను?” అంది.

మహిమ తను పుట్టి పెరిగిన ఇంటి గోడకి చెయ్యి ఆనించి తల దించుకుంది. సుబ్బరావమ్మ అంతటి మనిషి నోరు కూడా పడిపోయింది. బుల్లయ్య చిన్నగా నడుచుకుంటూ వెళ్ళి తన సీటు మీద కూర్చున్నాడు. ఈ ఊరికి మొహమెలా చూపించాలో తెలియక ఆ జల్లులోనే కళ్ళు మూసుకున్నాడు.

నాంచారమ్మ వెనకాలే వచ్చింది. “లే, గోనె తడిసిపోతది. నీకు జలుబు చేస్తే చాకిరీ నాకే” అంటూ సంచి లాగబోయి ఆగింది. “ఏమయ్యో, ఇది తడవలేదేంటి?”

నేలంతా బురద. చెట్టు కారుతోంది. పొయ్యి కారుతోంది. గోనెసంచి మాత్రం ఎండలో ఆరేసినట్టు పొడిగా ఉంది. బుల్లయ్య లేచి నిలబడ్డాడు. నాంచారమ్మ సంచి తీసేసింది. జల్లు పడ్డచోటల్లా ఆ బండ మీంచి సన్నగా ఆవిరి లేచింది.

“ఈ రాయి ఎక్కడిదే?” అన్నాడు బుల్లయ్య.

“ఎక్కడిదేంటి? మొదటిరోజు నువ్వు దింపిందే. చప్పట్లు కొట్టి అందరూ మీ దారిన మీరు పోయారు. గుమ్మానికి అడ్డంగా పడుంటే, చదునుగా ఉంది కదాని, అంకె వేసిన వైపు కిందికి తిప్పి నీకు సీటేశాను.”

“వారం రోజులబట్టీ ఊరంతా దీనికోసమే కదే వెతుకుతున్నాం!”

“నన్నెవరన్నా అడిగారా? పెరటి రాళ్ళు వెతుకుతున్నారనుకున్నా. ఇది నీ సీటు కదా!”

సుబ్బరావమ్మ ముందుకొచ్చి రాయి మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. మహిమ పెట్టింది, చల్లగానే ఉంది. ధనశ్రీ పెట్టింది, నసీమున్నీసా బీబీ పెట్టింది. మంచుగడ్డలా ఉంది. అప్పుడు అందరూ బుల్లయ్య వైపు చూశారు.

అతను చెయ్యి చాపాడు. కాయలు కాసిన అరచేతికి ఏమీ తెలియలేదు. రెండో చెయ్యి పెట్టాడు. తెలియలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఆ మోకాళ్ళు కిక్కురుమనలేదు. వంగి, తడిసిన చెంప ఆ రాయికి ఆనించాడు.

వెచ్చగా ఉంది. చంటిబిడ్డ ఒళ్ళంత వెచ్చగా ఉంది.

అతనికి తండ్రి మాటలు గుర్తొచ్చాయి. ‘మీ తాతకి గుంటూరు వైపు ఎక్కడో గోడ కడుతుంటే చలిజ్వరం తగిలింది. ఎవరో డాక్టరు బతికించాడు. లేకపోతే నేనూ లేను, నువ్వూ లేవు.’ ఎక్కడని అడిగితే తండ్రికీ తెలియదు. డేరాల్లో బతికేవాళ్ళకి ఏ ఊరి పేరని గుర్తుంటుంది? తాత పేరే తనకి పెట్టారు, తాత ఎడమచేతివాటమే తనకొచ్చింది. ఆ ముసలాయన అందరి రాళ్ళూ పేర్చి, బతికినందుకు తన రాయి కూడా ఒకటి, ఎవరి కంటా పడకుండా, అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా పైన పెట్టి వెళ్ళిపోయాడు.

“నాదేనమ్మా” అన్నాడు బుల్లయ్య, చెంప తియ్యకుండానే. “ఇది మాదే.”

“కాల్షియం బిళ్ళలట!” అంటూ మహిమ ఏడుస్తూ పడీపడీ నవ్వింది. ఎనిమిది నెలలుగా ఆ మోకాళ్ళకి వైద్యం చేసిందెవరో ఆవిడకి అప్పుడర్థమైంది. సుబ్బరావమ్మకి గొంతు తిరిగొచ్చింది. పరంజా తెమ్మని ఊరు దద్దరిల్లేలా కేకేసింది.

బుల్లయ్య ఎవరి సాయమూ లేకుండా పరంజా ఎక్కాడు. అన్నదమ్ములిద్దరూ రాయి అందించారు. అది ఆ ఖాళీలోకి అలవాటైనదానిలా వెళ్ళి కూర్చుంది. కింద నసీమున్నీసా బీబీ మళ్ళీ చేతులెత్తింది. నాంచారమ్మ మొదటిసారి అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

ధనశ్రీ వసారాలో కూర్చుని ఫారం విప్పింది. రాళ్ళ లెక్క దగ్గర వంద శాతం అని వేసింది. మొదటి పేజీకి వెళ్ళి ‘కట్టిన మేస్త్రీ వంశస్థులు’ అన్న గడిలో తనే గీసిన అడ్డగీతని కొట్టేసి, దాని పైన బుల్లయ్య పేరు రాసింది. ఆ గడి నింపడం ఆమెకి ఉద్యోగంలో అదే మొదటిసారి. రూలు ప్రకారం ఇవ్వాల్సిన వెనకగది ఎవరిదో ఇక వేరే చెప్పనక్కర్లేదు. నాంచారమ్మ అప్పటికే అక్కడికెళ్ళి పొయ్యి ఏ మూల పెట్టాలో చూసుకుంటోంది.

“అడ్రస్ కూడా మార్చాలి బుల్లయ్యగారూ. ఏమని రాయను?” అంది ధనశ్రీ పైకి చూస్తూ.

బుల్లయ్య పరంజా మీదే కూర్చుని ఉన్నాడు. జల్లు ఆగలేదు. చెయ్యి తెలుసుకోలేదని చెంపే ఆ రాయికి ఆనించుకున్నాడు.

“రాసుకో తల్లీ” అన్నాడు. “రాతి ఇల్లు, రేగడిపాలెం. తలుపుకి కుడిపక్క, పై వరుస.”

ధనశ్రీ ఒక్క అక్షరం మార్చకుండా అలాగే రాసుకుంది.